కణానికో జీవన ధ్రువపత్రం

నూకరత్నం ముప్పై ఏళ్ళు చేపలమ్మింది. గంపలోకి వచ్చినవన్నీ చచ్చినవే అయినా, ఆ ముప్పై ఏళ్ళలో ఎవరూ ఆమెను హంతకురాలు అనలేదు. మానవ కణ పటం కేంద్రంలో చేరిన మూడో ఏడు మాత్రం, రెండు వేల నూట నలభై ప్రాణాలు తీసిందని ఆమె మీద విచారణ జరిగింది.

ఆ ప్రాణాల్లో ఒక్కటీ కంటికి కనబడేది కాదు.

విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రి వెనక, బట్టలుతికే షెడ్డు దాటాక, మూడంతస్తుల తెల్లమేడ ఉంది. దేశానికి పటం ఉన్నట్టే మనిషి గుండెకీ కాలేయానికీ మూత్రపిండానికీ పటాలుండాలని, ఏ కణం ఎక్కడుండి ఏం చేస్తోందో తెలిస్తే రోగం ఎక్కడ మొదలవుతోందో తెలుస్తుందని పెద్దలు ఆ మేడ కట్టించారు. మంచి ఆలోచనే. ఆసుపత్రిలో డాక్టర్లు రోగిని అడిగి, ఒప్పుకుంటే, మెతుకంత ముక్క ఎక్కువ తీసి ఇస్తారు. ఆ ముక్కని చల్లగా ఉంచి, చావకుండా తెల్లమేడకి చేర్చాలి. చేర్చేది నూకరత్నం.

చేరిన రోజునే డాక్టర్ షహనాజ్ ఆమెకు పని అర్థమయ్యేలా చెప్పింది. మిషను దగ్గర కూర్చునేది ఆ పిల్లే.

"ముక్కని విడగొట్టి ఒక్కో కణాన్నీ ఒక్కో బొట్టులో కూర్చోబెడతాం రత్నమ్మా. ప్రతి కణం లోపలా చీటీలుంటాయి. ఇది చెయ్యి, అది చెయ్యి అని. ఆరెన్‌ఏ అంటారు వాటిని. మనం ఆ చీటీలు చదువుతాం. కణం చచ్చిపోయిందనుకో, దాని చీటీలు బయటికి కారిపోయి పక్కవాళ్ళ బొట్టుల్లో పడతాయి. ఇక ఏ చీటీ ఎవరిదో చెప్పలేం."

"తెలిసింది డాట్రమ్మా. గంపలో నాలుగు నెత్తళ్ళు కుళ్ళితే వంజరం కూడా నెత్తళ్ళ కంపే కొడతాది."

"అంతే! నేను ఆరేళ్ళు చదివి నేర్చుకున్నది అదే."

ఐసు సంగతి నూకరత్నానికి ఎవరూ నేర్పక్కర్లేదు. ముక్క ఐసుకి నేరుగా తగిలితే మాడుతుంది, దూరమైతే మగ్గుతుంది. అందుకని ఐసుని చితక్కొట్టి, నీళ్ళు కలిపి, ఆ జావలో సీసాని మెడదాకా ముంచేది. ముందు గేటు దారి పట్టేది కాదు. వెనక మెట్లు దిగి, బట్టల షెడ్డులోంచి, వంటశాల పక్కనుంచి వచ్చేసేది. పన్నెండు నిమిషాలు. నూటికి తొమ్మిది కణాలు పోయేవి, తొంభై ఒకటి బతికేవి.

"మన కేంద్రంలో ఎప్పుడూ చెడిపోని మిషన్లు నీ కాళ్ళే," అనేది షహనాజ్.

అలా జరుగుతుండగా ఢిల్లీ నుంచి నాణ్యత పట్టిక వచ్చింది. దేశంలో ఇలాంటి కేంద్రాలు తొమ్మిదున్నాయి. వాటిలో వీళ్ళది తొమ్మిదోది. మొదట వచ్చిన కేంద్రంలో నూటికి ఒక్క కణమే చచ్చిందట.

డైరెక్టరు పట్నాయకుని విశ్వంభరరావుగారు సిబ్బందినందర్నీ సమావేశపరిచారు. ఆయన ఒకప్పుడు సూక్ష్మదర్శిని చూసినవారే. తర్వాత ఫైళ్ళు చూడవలసి వచ్చింది.

"వాళ్ళు చచ్చిన కణాల్ని ఏరేశాక లెక్కపెట్టారు సార్," అంది షహనాజ్. "మనం ఏరకముందు లెక్కపెట్టి ఉన్నదున్నట్టు రాశాం."

"అనగా ఉన్నదున్నట్టు రాయడం మన వ్యవస్థలోని లోపమని మీరే అంగీకరిస్తున్నారు," అన్నారు డైరెక్టరుగారు. "ఇకమీదట ఈ ప్రాంగణంలో కణమరణాలను ఉపేక్షించే ప్రసక్తి లేదు. శూన్య మరణ సాధనే మన ధ్యేయం!"

అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాటికి ముందు గేటు పక్కన నల్లబల్ల వెలిసింది. ఫ్యాక్టరీల ముందు ప్రమాదం జరగని రోజుల లెక్క రాస్తారే, అలాంటిది. దాని మీద 'నేటి కణమరణములు' అని రంగుతో రాసి, పక్కన సుద్దముక్కతో అంకె వెయ్యడానికి చోటు వదిలారు.

ధ్యేయాన్ని సాధించే భారం నాణ్యతాధికారి సోమసుందరంగారి మీద పడింది. ఆయన పాతికేళ్ళు పింఛన్ల ఆఫీసులో పనిచేసి ఇక్కడికి మారినవాడు. ఎదురుగా నిలబడి దగ్గుతున్న ముసలాయన్ని 'మీరు బతికున్నట్టు కాగితమేదీ?' అని అడిగిన అనుభవం ఆయనది. ఆ అనుభవాన్ని ఇప్పుడు కణాలకి ఉపయోగించాడు.

'ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునదేమనగా, ఆసుపత్రి నుండి వచ్చు ప్రతి కణజాల ఖండమును, అది సజీవముగా ఉన్నట్లు అధికారి ధ్రువీకరించిన జీవన ధ్రువపత్రము మూడు ప్రతులు లేనిదే లోనికి అనుమతించరాదు.'

ఆ సర్క్యులరు అమలైన రోజునే తవిటమ్మ ముక్క వచ్చింది.

తవిటమ్మది ఇసుకలపేట. సముద్రం ఒడ్డున జీడితోటల మధ్య ఊరు. జీడిపిక్కలు కొట్టి కొట్టి ఆమె వేళ్ళు నల్లబడిపోయాయి. ఆ ఊళ్ళో మూత్రపిండాలు చెడిపోయి నడివయసువాళ్ళు పోతున్నారు. ఎందుకో ఎవరికీ తెలియదు. మొదట తవిటమ్మ మొగుడు పోయాడు, తర్వాత అన్న. ఇప్పుడు ఆమె కాళ్ళకి నీరు పట్టింది. డాక్టర్లు నడుములోంచి సూదితో ముక్క తీస్తుంటే, ఆమె మంచం పక్కన నిలబడ్డ నూకరత్నం చెయ్యి పట్టుకుంది.

"అప్పా, జాగర్తగా అట్టుకెల్లు. మా ఊళ్ళో కొందరు నీళ్ళంతారు, కొందరు ఎండంతారు, కొందరు పురుగుల మందంతారు. ఏటో ఒకటి తేలాల గదా. నాకు కాపోయినా మా పాపకి పనికొస్తాది."

"బతికుండగానే సేరుస్తాను సెల్లీ. నాది పూచీ."

అన్న మాట ప్రకారం పన్నెండు నిమిషాల్లో తెల్లమేడ చేరింది. గుమ్మంలో కొత్తగా వేసిన బల్ల అడ్డొచ్చింది. సోమసుందరంగారు భోజనానికి వెళ్ళారు. ఆయన ముద్ర లేకుండా లోపలికి పంపొద్దని కాపలావాడికి ఉత్తర్వు. నూకరత్నం పెట్టె బల్ల మీద పెట్టి నిలబడింది. లోపల ఐసు కరిగి కుదురుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ముప్పావుగంటకి ఆయన పళ్ళు కుట్టుకుంటూ వచ్చి, కుర్చీలో సర్దుకుని, ఫారం తెరిచాడు.

"పేరు?"

"తవిటమ్మ బాబూ."

"రోగి పేరు కాదు. ముక్క పేరు."

"ముక్కకి పేరేటి?"

"పేరు లేనిది బతికుందని నేనెలా రాయను? సరే, ఖాళీ వదిలేద్దాం. పాస్‌పోర్టు సైజు ఫొటోలు రెండు. ముఖం స్పష్టంగా కనబడాలి."

నూకరత్నం సీసా పైకి తీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. "దీనికి మొకం ఏ ఏపున్నాదో తవరే సెప్పాల."

"వ్యంగ్యం వద్దు. పుట్టుమచ్చలు రెండు..."

షహనాజ్ మెట్లు దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. "సార్, వదిలెయ్యండి సార్! అది చచ్చిపోతోంది!"

సోమసుందరంగారి ముఖం విప్పారింది. "చచ్చిపోతోందంటే ఇంకా చావలేదన్నమాట. ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టండి డాక్టర్. ధ్రువపత్రానికి ఆధారంగా జతపరుస్తాను."

గంటా యాభై నిమిషాలకి ముద్ర పడింది. ముక్క చట్టరీత్యా బతికుండగా మిషనెక్కింది. నూటికి నలభై ఒకటి చచ్చాయి. వాటి చీటీలన్నీ కారి, మిగిలినవాటిలో కలిసి, మిషను చదివినదంతా పులుసైపోయింది. గుమాస్తా సుద్దముక్కతో నల్లబల్ల మీద వేశాడు: 2140.

డైరెక్టరుగారు ఆ అంకె ముందు కాసేపు తలవంచుకుని నిలబడి, విచారణ సంఘాన్ని నియమించారు. అధ్యక్షులు తాము. సభ్యుడు సోమసుందరం. ముద్దాయి నూకరత్నం.

"మృతి చెందినవారు చివరిసారిగా మీ సంరక్షణలో ఉన్నారు. అవునా?" అని అడిగారు అధ్యక్షులు.

"ఆరెవరు బాబూ?"

"రెండు వేల నూట నలభై మంది... అనగా, కణములు. మృతులతో మీకు పూర్వపరిచయం ఏమైనా ఉందా?"

"నేదు బాబూ. ఆల్ల ఇంటామె తెలుసు. తవిటమ్మని..."

"దారిలో అవి ఏదైనా అసౌకర్యం వ్యక్తం చేశాయా?"

"దారిలో ఏటీ నేదు బాబూ, పన్నెండు నిమిషాల్లో తెచ్చీసినాను. బల్ల కాడే గంటన్నర పైన పడీసి ఉన్నాయి. ఈ బాబు ముద్దర ఎయ్యాలన్నారు. నాను సేపలమ్మినదాన్ని. కొనేవోలు బేరమాడతారు, మొప్పలెత్తి సూస్తారు. అంతేగాని, 'ఇది తాజాదని కాయితం తే, అప్పటిదాకా ఎండలో ఎట్టు' అని ఎవలూ అన్లేదు."

సోమసుందరంగారు రాసుకున్నాడు: 'ముద్దాయి ప్రశ్నకు సంబంధం లేని చేపల ప్రస్తావన తెచ్చినది.'

తీర్పు మర్నాడొచ్చింది. ఇంకొక్క ముక్క ఆమె చేతుల్లో చెడితే ఉద్యోగం లేదు. దానికంటే పెద్ద సంగతి షహనాజ్ చెప్పింది.

"తవిటమ్మని ఇంకొక్కసారే గుచ్చుతారట. వచ్చే నెల మొదటి గురువారం. ఆ తర్వాత మూత్రపిండం తట్టుకోదన్నారు. అది కూడా పులుసైపోతే..."

"లచ్చివారమా? అవ్వదు డాట్రమ్మా. పూచీ పడ్డాను," అంది నూకరత్నం. ఎలాగో మాత్రం ఆమెకి తెలియదు.

ఈలోగా సంస్కరణలు ఊపందుకున్నాయి. ఐసుపెట్టెకి నాలుగు మూలలా లక్క సీళ్ళు. వెంట ఇద్దరు కాపలావాళ్ళు. వెనకదారి నిషేధం, కణజాలానికి తగిన గౌరవంతో ముందు గేటునుంచే రావాలి. దారిలో మూడుచోట్ల వేలిముద్ర. నూకరత్నం వేళ్ళు ఐసులో నాని ముడతలు పడి ఉండటంతో మిషను ప్రతిసారీ 'మీరు మీరు కారు' అనేది. వేళ్ళు ఆరేదాకా పెట్టె ఆగేది. రోజూ పదకొండు గంటలకి చనిపోయిన కణాల స్మృత్యర్థం రెండు నిమిషాల మౌనం. ఆ సమయానికి పెట్టె ఎక్కడుంటే అక్కడే, ఎండలోనైనా సరే, మొయ్యేవాళ్ళతో సహా నిలబడిపోవాలి.

అంతలో ఇంకో చిక్కు బయటపడింది. అప్పుడప్పుడూ ఒకే బొట్టులో రెండు కణాలు దూరుతాయి. అప్పుడు ఇద్దరి చీటీలూ ఒకరివే అనుకుని మిషను మోసపోతుంది. షహనాజ్ ఆ మాట నివేదికలో రాసింది. సోమసుందరంగారు ఎర్ర సిరాతో అడిగాడు: 'విడివిడిగా ఉండవలసినవి ఒకే గదిలో పట్టుబడినవి. వీటి మధ్య గల సంబంధమేమి? వివాహ ధ్రువపత్రము జతపరచబడినదా?'

ఇన్ని చేసినా నల్లబల్ల మీద అంకె దిగలేదు. నూటికి నలభై ఒకటి కాస్తా యాభై రెండైంది. అరవై మూడైంది. సీళ్ళూ సంతకాలూ అన్నీ సక్రమంగా ఉండటంతో ఆ చావులు నూకరత్నం ఖాతాలో మాత్రం పడలేదు. ప్రతి మరణానికీ ఒక కొత్త సంతకం చేర్చారు. ప్రతి సంతకానికీ మరికొన్ని చచ్చాయి. డైరెక్టరుగారు మూడు రోజులు తలుపేసుకుని ఫైళ్ళు చదివి, అసలు కారణం కనిపెట్టారు.

"ఈ ముక్కలన్నీ ఎవరివి?" అని అడిగారు సమావేశంలో.

"రోగులవి సార్," అంది షహనాజ్.

"అదీ! రోగం ఉన్న కణాలు నీరసంగా ఉంటాయి. త్వరగా మరణిస్తాయి. మన గణాంకాల నాణ్యతను దెబ్బతీస్తున్నది రోగులే. ఇకమీదట సంపూర్ణ ఆరోగ్యవంతుల నుండి మాత్రమే ముక్కలు స్వీకరించబడును."

"సార్, రోగం ఎందుకొస్తోందో తెలుసుకోవడానికే గదా ఈ పటం?"

"ముందు నాణ్యత రానివ్వండి డాక్టర్. రోగం సంగతి రెండో దశలో పరిశీలిద్దాం."

సోమసుందరంగారు వెంటనే ఫారం తయారుచేశాడు. 'నాకు ఏ విధమైన వ్యాధియు లేదనియు, నా మూత్రపిండమును సంతోషపూర్వకముగా గుచ్చించుకొనుచున్నాననియు ఇందుమూలముగా ప్రమాణము చేయుచున్నాను.' ఆ ఫారం పట్టుకుని ఆయన ఆసుపత్రి అంతా తిరిగాడు. ఆరోగ్యవంతులు ఆసుపత్రిలో లేరు. బయట తిరిగేవాళ్ళని ఆపి అడిగితే ఇద్దరు నవ్వారు, ఒకడు వెంటపడ్డాడు.

మూడు వారాలు ఒక్క ముక్క కూడా రాలేదు. మిషను మీద షహనాజ్ దుప్పటి కప్పింది. ఒక ఉదయం కారు దిగిన డైరెక్టరుగారు నల్లబల్ల ముందు ఆగిపోయారు.

నేటి కణమరణములు: 0.

"సోమసుందరం," అన్నారు మెల్లగా, "గమనించారా?"

"గమనించాను సార్. ఇరవై ఒక్క రోజులుగా సున్నాయే సార్."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఢిల్లీ నుంచి తనిఖీ బృందం రాబోతోంది. సీసాలో ముక్క లేకపోతే మరణం లేదు. శుభ్రమైన ద్రావణం మాత్రం పోసి, సీళ్ళు వేసి, ధ్రువపత్రం జతచేసి, వేలిముద్రలతో మౌనంతో లాంఛనంగా తీసుకొస్తే నాణ్యతలో దాన్ని మించిన ముక్క ఈ దేశంలో ఉండదు. తనిఖీ గురువారం పదకొండు గంటలకి. పెట్టె మొయ్యవలసింది నూకరత్నం.

అదే గురువారం తవిటమ్మకి సూది.

షహనాజ్ తవిటమ్మ కాగితాలు పంపితే 'అభ్యర్థి వ్యాధిగ్రస్తురాలు, తిరస్కరించడమైనది' అని తిరిగొచ్చాయి. ఆ పిల్ల మిషను గదిలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. నూకరత్నం పక్కన నేలమీద కూర్చుని సర్క్యులర్ల కట్ట ముందేసుకుంది. రెండేళ్ళ కిందటే సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దింది కాబట్టి ఆమె ఏదీ కళ్ళతో జారవిడిచి చదవదు. ఒక్కో మాట మీదా వేలు పెట్టి, కూడబలుక్కుని, నమిలి మింగితే గాని ముందుకి పోదు. తెల్లమేడలో సోమసుందరంగారి సర్క్యులర్లని చివరిదాకా చదివిన మనిషి ఆమె ఒక్కతే.

"డాట్రమ్మా, పదిహేడోది ఇనండి. 'తి-ర-స్క-రిం-చిన ప్రతి ఖండమును, తిరస్కరణకు గల కారణమును ని-ర్ధా-రించు నిమిత్తము, పూర్తిగా పరీక్షించి, వివరములన్నియు ఏడేండ్లు భద్రపరచవలెను.' అంటే ఏటి?"

షహనాజ్ ముక్కు చీదడం మానేసింది.

"అంటే... ఎందుకు పనికిరాదో చెప్పాలంటే ముందు మిషనెక్కించాలని."

"మరి పనికిరానిదానికి సీళ్ళున్నాయా?"

షహనాజ్ కాగితం లాక్కుని రెండుసార్లు చదివింది. "లేవు. సీళ్ళు లేవు, ధ్రువపత్రం లేదు, ముందు గేటు లేదు. స్వీకరించే ముక్కకే అవన్నీ. పారేసే ముక్కకి ఏ నియమమూ లేదు రత్నమ్మా!"

"అయితే మన తవిటమ్మ ముక్కని లచ్చనంగా పారేద్దాం," అంది నూకరత్నం.

గురువారం వచ్చింది. ఆసుపత్రి ముందు గేటుకి మావిడాకులు కట్టారు. పదిన్నరకి వెయ్యవలసిన సూది, డాక్టరు ఆలస్యంవల్ల, పదకొండుకి ఐదు నిమిషాలుండగా పడింది. తవిటమ్మ పళ్ళు బిగించి, నూకరత్నం వేళ్ళు నలిపేసింది.

"అప్పా, ఈసారి..."

"మాటాడకు సెల్లీ. ఊపిరి పీల్సు."

కేంద్రంవారి ఐసుపెట్టె తనిఖీకి ముస్తాబై ఉంది కాబట్టి నూకరత్నం తన అన్నం కేరేజీ తెచ్చుకుంది. పెద్ద గిన్నెలో ఐసు జావ. సీసాని మెడదాకా ముంచి, మూత బిగించి, కొంగు కప్పింది. వెనక మెట్ల వైపు తిరగ్గానే సోమసుందరంగారు ఎదురొచ్చాడు.

"ఎక్కడికమ్మా! ఢిల్లీవారు వచ్చేశారు! నడు, నడు!"

ముందు గేటు దగ్గర సీళ్ళు వేసిన పెట్టె బల్ల మీద ఉంది. పక్కన డైరెక్టరుగారు, తనిఖీ బృందం ముగ్గురు, ఫొటోలు తీసేవాడు. పెట్టె ఎత్తితే మూడు వేలిముద్రలు, రెండు నిమిషాల మౌనం, ఆపైన ఉపన్యాసాలు. గంట తక్కువ కాదు. ఎత్తనంటే ఇవాళే ఉద్యోగం ఆఖరు. కొంగు కింద కేరేజీలో ఐసు ఒకసారి కుదురుకుంది. ఆ చప్పుడు నూకరత్నం పక్కటెముకలకి తగిలింది.

ఆమె డైరెక్టరుగారి ముందుకెళ్ళి రెండు చేతులూ జోడించింది.

"బాబూ, ఒక్క మాట. ఇంతటి గొప్ప పెట్టె, సావన్నదే నేని పెట్టె, నాలాటి సేపల ముండ సేతిలో ఏటి బాగుంటాది? రేపు పేపర్లో బొమ్మ పడితే సూసినోలేటనుకుంతారు? తవరు కట్టపడి తెచ్చిన పేరు గదా, తవరే మొయ్యాల."

విశ్వంభరరావుగారు ఒకసారి ఫొటోలు తీసేవాడి వైపు చూశారు. కోటు సవరించుకున్నారు.

"ఆవిడ చెప్పినదానిలో భావం ఉంది," అన్నారు.

ఆయన పెట్టె ఎత్తి ఊరేగింపు ముందు నడిచారు. అటొకరూ ఇటొకరూ కాపలావాళ్ళు. పదకొండు కొట్టగానే అందరూ తలలు వంచి మౌనం వహించారు. ఆ రెండు నిమిషాల్లో కదిలింది నూకరత్నం ఒక్కతే. వెనక మెట్లు, బట్టల షెడ్డు, ఆరేసిన దుప్పట్ల మధ్య దారి, వంటశాల పక్క గంజినీళ్ళు. యాభై రెండేళ్ళ మోకాళ్ళు ఏదో అంటున్నా వినిపించుకోలేదు. షహనాజ్ తలుపు తెరిచి పట్టుకునే ఉంది.

"గంట కొట్టాక పదకొండే నిమిషాలు!" అంది గడియారం చూసి.

"ఒక నిమిషం మిగిలింది. ఓ సుక్క నీళ్ళియ్యమ్మా," అని నూకరత్నం గోడకి చేరబడింది.

ముందు గదిలో ఊరేగింపు పెట్టె ఒంటిగంటకి మిషనెక్కింది. సోమసుందరంగారు ఫలితం బిగ్గరగా చదివాడు. మరణించిన కణాలు సున్నా. జంటలు సున్నా. కారిపోయిన చీటీలు సున్నా. బృందం పెద్దాయన కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి ఫలితం తాను చూడలేదన్నాడు. పక్కన ఉన్న చిన్నాయనకి ఒక సందేహం వచ్చింది.

"బతికున్న కణాలు ఎన్ని?"

సోమసుందరంగారు ఫారం ముందుకీ వెనక్కీ తిప్పాడు.

"ఆ గడి ఫారంలో లేదండి."

పెద్దాయన ఫారం తీసుకుని చూశాడు. నిజంగానే లేదు. "లేని గడి గురించి అడగడం మన పరిధిలోకి రాదు," అని చిన్నాయన్ని మందలించి సంతకం పెట్టాడు. కేంద్రం తొమ్మిదో స్థానం నుంచి మొదటి స్థానానికి వచ్చింది. పెట్టె మోసినందుకు డైరెక్టరుగారికి శాలువా కప్పారు.

అప్పటికే మిషను గది వెనక, కొత్తది వచ్చాక మూలపెట్టిన పాత మిషనులో తవిటమ్మ ముక్క పారేయబడుతోంది. నూటికి ఆరు చచ్చాయి. తొంభై నాలుగు బతికి, ఎవరి చీటీ వాళ్ళ దగ్గర పెట్టుకుని, మాట్లాడుతున్నాయి. సాయంత్రానికి షహనాజ్ తెర మీద రంగురంగుల చుక్కలు వచ్చాయి. ఆ పిల్ల ఒక మూలనున్న చిన్న గుంపు మీద వేలుపెట్టి అలాగే ఉండిపోయింది.

"ఏటమ్మా? మంచిదా, సెడ్డదా?"

"తెలీదు రత్నమ్మా. ఈ కణాలన్నీ ఒకే చీటీ మళ్ళీ మళ్ళీ రాసుకుంటున్నాయి. దాహం వేసినవాడు నీళ్ళు, నీళ్ళు అన్నట్టు. ఇది తవిటమ్మ ఒక్కదానికేనా, ఊరందరికీనా? ఒక్కళ్ళని చూసి ఏం చెప్పను? ఇంకో పదిమందివి ఇలాగే తాజాగా దొరికితే..." అని ఆగి, తిరస్కరణ రిజిస్టరు తీసి ఆమె ముందు పెట్టింది. "తెచ్చినవాళ్ళే రాయాలి. కారణం గడి నింపు."

నూకరత్నం కలం పట్టుకుంది. వరస సంఖ్య ఒకటి. ఊరు ఇసుకలపేట. తిరస్కరణకు కారణం అన్నచోట కాసేపు ఆలోచించి, ఒక్కో అక్షరం గుండ్రంగా దిద్దింది.

'బతికే ఉంది.'

వార్డులో తవిటమ్మ మేలుకుని ఎదురుచూస్తోంది.

"సేరిందా అప్పా? లెక్కలోకెక్కిందా?"

"సేరింది. మంచి లెక్కలోకి ఎక్కలేదు సెల్లీ, పారేసిన లెక్కలోకి ఎక్కింది. మంచి లెక్కలో ఏటీ నేదులే, నీళ్ళున్నాయి. సదివేదంతా పారేసినదాన్లోనే ఉంది. కానీ నీ ఒక్కదానిది సాలదంట. ఇంకా కావాలంట."

తవిటమ్మ నల్లబడ్డ వేళ్ళు లెక్కపెట్టుకుంటూ ఊళ్ళో ఎవరెవరున్నారో గొణుక్కుంది.

పది రోజులు గడిచాయి. మొదటి స్థానం వచ్చిన సందర్భంగా గేటుకి కట్టిన మావిడాకులు ఎండిపోయాయి గాని ఇంకా తియ్యలేదు. పొద్దున్నే కారు దిగిన డైరెక్టరుగారికి ఆసుపత్రి వరండాలో వరసగా కూర్చున్న జనం కనబడ్డారు. పద్నాలుగు మంది. ముందు తవిటమ్మ, పక్కన ఆమె కూతురు, వెనక ఇసుకలపేట. తవిటమ్మకి తప్ప అందరి చేతుల్లోనూ సూదికి డాక్టర్లు రాసిచ్చిన ఆసుపత్రి చీటీ.

"ఎవరమ్మా వీళ్ళంతా?" అని అడిగారాయన, కేరేజీతో ఎదురొచ్చిన నూకరత్నాన్ని.

"తిరస్కరణకొచ్చినోలు బాబూ."

"ఇంతమందా!" ఆయన ముఖం వెలిగింది. "మొదటి స్థానంలో ఉన్న సంస్థకి ఈ మాత్రం కఠినత్వం ఉండాలి. ఒక్కరిని కూడా స్వీకరించకండి. సోమసుందరానికి చెప్పు, వీరి వివరాలన్నీ ఏడేళ్ళు భద్రపరచమని!"

"సిత్తం బాబూ."

ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయారు. తవిటమ్మ కూతుర్ని లేవదీసి ముందుకి తోసింది.

"అప్పా, ముందు దీన్ని పారెయ్యండి," అంది. "సిన్నది, తొందరగా ఇంటికెల్లిపోవాల."

నూకరత్నం కేరేజీ మూత తీసి, ఐసు సరిగ్గా చితికిందో లేదో వేలితో కలిపి చూసింది.